కిటికీ కింద ఏముంది?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు పదిహేను నిమిషాలు ఇచ్చారు. "బ్యాంకు అనుభవాలన్నా చెప్పు, విదేశీ యాత్రన్నా చెప్పు, రెండూ కలిపి మమ్మల్ని చంపకు" అన్నారు. ఆయనా నేనూ ఒకే బెంచీ. ఆయన మాట వినే అలవాటు నాకు అప్పుడూ లేదు. అందుకని రెండూ కలిపే చెప్తాను. నిజానికి విడదీసి చెప్పడం నాకు చేతకాలేదు.

నేను 1974 పదో తరగతి బ్యాచ్. ఈ కథ అంతకు ఏడాది ముందు, పెంకుల షెడ్డులో, తొమ్మిదో తరగతిలో మొదలైంది. ఐరోపాలో మత సంస్కరణోద్యమం పాఠం. మధ్యాహ్నం అన్నాలు తిని వచ్చి సగం మందిమి జోగుతున్నాం. మాస్టారు పుస్తకం మూసేసి, "ప్రాగ్ అని ఒక ఊరుందిరా, అక్కడ కొండ మీద కోట. ఆ కోట కిటికీలోంచి ముగ్గురు పెద్దమనుషుల్ని ఎత్తి కిందికి విసిరేశారు. దాంతో ముప్పై ఏళ్ళ యుద్ధం మొదలైంది" అన్నారు. ఒక్కసారిగా నిద్ర వదిలింది.

ఎవరో అడిగారు, "చచ్చిపోయారా సార్?" అని. "లేదు, బతికారు." "ఎలా సార్?" దానికి మాస్టారు, "ఒక పక్షం వాళ్ళు మేరీమాత కాపాడిందన్నారు. రెండో పక్షం వాళ్ళు పేడకుప్ప మీద పడ్డారన్నారు" అని చెప్పారు. క్లాసు గొల్లుమంది. నేను అందరికన్నా కాస్త ఎక్కువ నవ్వాను.

మాస్టారి దగ్గర నోట్సు రాసినవాళ్ళందరికీ గుర్తుండే ఉంటుంది. గొడవ అనేది వస్తే పేజీ మధ్యలో నిలువుగా గీత గీయించేవారు. ఎడమ పక్క వీళ్ళేమన్నారు, కుడి పక్క వాళ్ళేమన్నారు. నేను ఆ రోజు పేడకుప్ప మాట ఒక్కటే రాసి, కుడి పక్క ఖాళీగా వదిలేశాను. నోట్సు తిరిగొచ్చేసరికి ఆ ఖాళీలో ఎర్ర సిరాతో ఒక్క ముక్క ఉంది: "రెండో వాళ్ళేమన్నారు?" చెవి మెలేశారు కూడా. "ఎప్పుడైనా వెళ్తే ఆ కిటికీ కింద ఏముందో చూసొచ్చి చెప్పరా" అన్నారు. గుంటూరు వెళ్ళడమే గొప్పగా ఉన్న రోజులు అవి. అది కూడా ఒక వేళాకోళమే అనుకున్నాను.

యాభై ఏళ్ళు పట్టింది మాస్టారూ, చూసొచ్చాను.

మా అమ్మాయి, అల్లుడు ప్రాగ్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. 2023 మే నెలలో నేనూ మా ఆవిడా వెళ్ళాం. మనకు ఆ దేశం కొత్తదనుకుంటాం కానీ, అంత కొత్తేం కాదు. మన ఎన్‌సీసీ పిల్లలు సున్నం పాలిష్ కొట్టుకున్న తెల్ల కాన్వాస్ బూట్లు బాటావి కదా. ఆ బాటా కంపెనీ పుట్టింది 1894లో ఆ దేశంలోని జ్లిన్ అనే ఊళ్ళో. నా చిన్నప్పుడు అది కలకత్తా వాళ్ళ కంపెనీ అనుకునేవాణ్ణి. రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ కర్మాగారం కూడా అప్పటి చెకోస్లొవేకియా సహకారంతో పెట్టిందే. అందులో చేరిన మన బ్యాచ్ వాళ్ళకు ఈ సంగతి నాకన్నా బాగా తెలుసు.

ప్రాగ్ మధ్యలోంచి వల్తావా నది పోతుంది. నదికి ఎడమ ఒడ్డున కొండ, కొండ మీద కోట. చార్లెస్ వంతెన మీద నిలబడి చూస్తే అది కోటలా కనపడదు. కొండ నెత్తిన పొడుగ్గా పరిచిన ఒక ఊరిలా కనపడుతుంది. ఆ ఊరి మధ్యలోంచి చర్చి గోపురాలు లేస్తాయి. మనం కోట అనగానే బురుజులు, కందకం, కూలిన గోడలు, మేకలు అనుకుంటాం. ఇది అలా కాదు. సుమారు 880లో బొర్జివోయ్ అనే రాజు కట్టడం మొదలుపెట్టాడు, ఇవాళ్టికీ అది వాడుకలోనే ఉంది. రాజులు పోయారు, చక్రవర్తులు పోయారు, 1939 మార్చిలో హిట్లర్ వచ్చి ఒక రాత్రి పడుకుని వెళ్ళాడు, కమ్యూనిస్టులు వచ్చారు, వెళ్ళారు. ఇప్పుడు దేశాధ్యక్షుడి కార్యాలయం అక్కడే. విస్తీర్ణం దాదాపు 70,000 చదరపు మీటర్లు. మన భాషలో చెప్పాలంటే పదిహేడు ఎకరాల పైమాట. ప్రపంచంలోకెల్లా పెద్ద ప్రాచీన కోటగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది.

నా మోకాళ్ళ సంగతి మా వాళ్ళకు తెలుసు కాబట్టి కింది నుంచి మెట్లెక్కించలేదు. 22వ నంబరు ట్రామెక్కితే కోట వెనకవైపు, దాదాపు కోట ఎత్తులోనే దింపుతుంది. పెద్దవాళ్ళు ఎవరైనా వెళ్తే ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. పైకి ట్రాములో వెళ్ళి, కిందికి మెట్ల మీదుగా దిగండి. గుమ్మం దగ్గర సంచులు తనిఖీ చేశారు. మా ఆవిడ సంచిలో పులిహోర డబ్బా చూసి ఆ పోలీసు అబ్బాయి ఒక్క క్షణం ఆలోచించి, వాసన చూసి, నవ్వి వదిలేశాడు.

కోట మీద జెండా ఎగురుతోంది. అధ్యక్షుడి జెండా. దాని మీద ఏదో రాసి ఉంది. మా మనవరాలికి తొమ్మిదేళ్ళు, అక్కడి బళ్ళో చదువుతోంది. "తాతయ్యా, ప్రవ్డా వీత్యెజీ అని ఉంది. అంటే నిజం గెలుస్తుందని" అంది. నేను జేబులోంచి మన పది రూపాయల నాణెం తీసి, సింహాల కింద ఉన్న అక్షరాలు చూపించాను. "సత్యమేవ జయతే. ఇదీ అదే మాట" అన్నాను. అది రెండూ మార్చి మార్చి చూసి, "మరి ఎందుకు తాతయ్యా రెండు దేశాలూ రాసి పెట్టుకున్నాయి? గెలిచేదైతే రాసుకోవడం ఎందుకు?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. చరిత్ర తెలిసినవాళ్ళు ఈ సభలో ఉన్నారు కాబట్టి ఆ ప్రశ్న వాళ్ళకు వదిలేస్తున్నాను.

లోపలికి వెళ్తే మూడో ఆవరణలో సెయింట్ వైటస్ చర్చి మీద పడిపోయేంత దగ్గరగా నిలబడి ఉంటుంది. దాన్ని 1344లో మొదలుపెట్టారు. పూర్తి చేసింది 1929లో. 585 ఏళ్ళు! మన బడి కాంపౌండు గోడ ఆలస్యమైందని ప్రతి సర్వసభ్య సమావేశంలో అరిచే తమ్ముళ్ళు ఇది గమనించాలి. మొదటి శిల్పి ఫ్రాన్సు నుంచి వచ్చిన మాథ్యూ. 1352లో పోయాడు. ఆ పని అందుకున్న పీటర్ పార్లర్‌కు అప్పటికి ఇరవై మూడేళ్ళంటారు. మధ్యలో మతయుద్ధాలొచ్చి పని ఆగిపోతే, సగం కట్టిన గుడికి అడ్డంగా గోడ కట్టి వందల ఏళ్ళు అలాగే వాడుకున్నారు. నాకు నచ్చిన విషయం ఒకటుంది. పైన ఎవరికీ సరిగా కనపడని ఒక వసారాలో రాజు, రాణుల రాతి తలలతో పాటు మాథ్యూ తల, పార్లర్ తల కూడా చెక్కి పెట్టారు. కట్టినవాడి ముఖం రాజు ముఖం ఉన్న వరుసలోనే ఉంది.

ఆ చర్చిలోనే సెయింట్ వెన్సెస్లాస్ మందిరం. గోడల నిండా రంగురాళ్ళు పొదిగారు. ఒక మూల చిన్న తలుపు. ఆ తలుపు దాటి వెళ్తే పై గదిలో ఆ దేశపు రాజకిరీటం ఉంటుంది, నాలుగో చార్లెస్ చేయించింది. ఎప్పుడో ఓసారి తప్ప బయటికి తీయరు. తీయాలంటే ఏడు తాళాలు తీయాలి. ఏడు తాళంచెవులు ఏడుగురి దగ్గర: అధ్యక్షుడు, ప్రధానమంత్రి, ఆర్చ్‌బిషప్, పార్లమెంటు రెండు సభల అధ్యక్షులు, ఆ చర్చి పెద్ద, ప్రాగ్ మేయర్. ఏడుగురూ రావాలి, లేకపోతే తలుపు తెరుచుకోదు. నేను ముప్పై తొమ్మిదేళ్ళు బ్యాంకులో చేసినవాణ్ణి. మా స్ట్రాంగ్ రూముకు రెండు తాళాలు, ఒకటి మేనేజరు దగ్గర, ఒకటి హెడ్ క్యాషియరు దగ్గర. ఆ తలుపు ముందు నేను ఎంతసేపు నిలబడ్డానో మా ఆవిడ లెక్కపెట్టింది. "మా అమ్మమ్మ ఇనప్పెట్టెకు ఒకటే తాళం, అదీ మొలకు కట్టుకునేది. ఎప్పుడూ ఏదీ పోలేదు" అని ముందుకు నడిచింది.

డబ్బుకు ఇద్దరి సాక్ష్యం, కిరీటానికి ఏడుగురి సాక్ష్యం. ఆ మాట అక్కడే నాకు కొంచెం గుచ్చుకుంది. ఎందుకో తరవాత చెప్తాను.

పాత రాజభవనంలో వ్లాదిస్లావ్ హాలు అని ఉంది. పొడవు 62 మీటర్లు, ఎత్తు 13 మీటర్లు, మధ్యలో ఒక్క స్తంభం లేదు. పైకప్పు మీద రాతి పట్టీలు తీగల్లాగా అల్లుకుని పోతాయి. వాన పడితే లోపలే గుర్రాల మీద ఈటెల పందేలు పెట్టుకునేవారట. గుర్రాలు ఎక్కడానికి వీలుగా వాలుగా వెడల్పాటి మెట్లు వేరే ఉన్నాయి. 1989 డిసెంబరు 29న వాత్స్లావ్ హావెల్‌ను అధ్యక్షుడిగా ఎన్నుకున్నది ఈ హాల్లోనే. అదే సంవత్సరం మే నెల దాకా ఆయన జైల్లో ఉన్నాడు.

హాలు మూల నుంచి పక్క భాగంలోకి వెళ్తే రెండు గదులు. ఏ సోకులూ లేవు. మామూలు తెల్ల గోడలు. ఏదో తాలూకా కచేరీలాగా ఉంది. నిజంగా అది అప్పట్లో కచేరీయే. రాజుగారు వియన్నాలో ఉంటే, ఆయన తరఫున ఇక్కడ కూర్చుని పని చూసే అధికారుల గది. మనవరాలు, "తాతయ్యా, అదే కిటికీ" అంది.

జరిగింది 1618 మే 23న. గొడవ ఏమిటంటే, 1609లో రెండో రుడాల్ఫ్ చక్రవర్తి ప్రొటెస్టెంట్లకు మతస్వేచ్ఛ ఇస్తూ ఒక శాసనం రాసిచ్చాడు. తరవాత రెండు ఊళ్ళలో వాళ్ళు కట్టుకున్న చర్చిలను, ఒకదాన్ని మూయించారు, ఒకదాన్ని పడగొట్టించారు. రాసిచ్చిన కాగితానికి విలువ లేదా అని అడగడానికి కౌంట్ థర్న్ అనే ఆయన వెనక ప్రొటెస్టెంటు ప్రభువులు ఈ గదిలోకి దూసుకొచ్చారు. లోపలున్న రాజప్రతినిధుల్లో ఇద్దరు స్లవాటా, మార్టినిజ్. మాటా మాటా పెరిగింది. ముందు మార్టినిజ్‌ను ఎత్తి కిటికీలోంచి తోసేశారు. స్లవాటా కిటికీ చట్రం పట్టుకుని వేలాడితే బాకు పిడితో వేళ్ళ మీద కొట్టారు. ఆ వెనకే ఫాబ్రిసియస్ అనే గుమాస్తాను కూడా పంపించారు. గుమాస్తా చేసిన నేరమేమిటో నాకు అర్థం కాదు. గుమాస్తాల గతి ఎక్కడైనా అంతే.

ముగ్గురూ బతికారు. ఎత్తు సుమారు ఇరవై మీటర్లు, అంటే ఆరంతస్తుల మేడ. పడ్డవాళ్ళను పొలిక్సెనా అనే జమీందారిణి పక్కనే ఉన్న తన ఇంట్లో దాచింది. గుమాస్తా వియన్నా పారిపోయి చక్రవర్తికి కబురు చెప్పాడు. తరవాత ఆయనకు ప్రభువు హోదా ఇచ్చి, ఇంటిపేరు కూడా ఇచ్చారు. దానికి అర్థం ఎత్తు నుంచి పడ్డవాడని. రాజుగారిది ఎగతాళో గౌరవమో!

రెండేళ్ళకు, 1620 నవంబరు 8న, ఊరి బయట తెల్లకొండ దగ్గర ప్రొటెస్టెంట్లు ఓడిపోయారు. 1621 జూన్ 21న వాళ్ళ నాయకులు ఇరవై ఏడుగురికి నది అవతల పాత బస్తీ కూడలిలో మరణశిక్ష వేశారు. ఆ చోట నేల మీద ఇరవై ఏడు తెల్ల శిలువలు పరిచి ఉన్నాయి. జనం వాటి మీద నిలబడి ఐస్‌క్రీము తింటున్నారు. మేమూ తిన్నాం, తరవాత కానీ చూసుకోలేదు. యుద్ధం అక్కడితో ఆగకుండా ఐరోపా అంతా పాకి లక్షల మందిని మింగింది. 1648లో స్వీడన్ సైన్యం ఇదే కోటను దోచుకుని, వంతెన దాటలేక నిలిచిపోయిన చోటే ఆ యుద్ధం ముగిసింది.

గెలిచిన పక్షం మూడు వందల ఏళ్ళు తన కథే చెప్పింది. మేరీమాత చెంగు పరిచి పట్టుకుందని బొమ్మలు వేయించారు. కిటికీలోంచి పడ్డ స్లవాటా 1628లో ఛాన్సలర్ అయి, జ్ఞాపకాలు కూడా రాసుకున్నాడు. 1918లో దేశం విడిపోయి స్వతంత్రమయ్యాక రెండో పక్షం కథ బడి పుస్తకాల్లోకి వచ్చింది. మాస్టారి కుడి పక్క గడి మూడు వందల ఏళ్ళు ఖాళీగా ఉందన్నమాట.

నేను కిటికీలోంచి వంగి కిందికి చూశాను. అప్పుడు నాకు గుర్తొచ్చింది యుద్ధం కాదు. ఒక మనిషి.

1996లో నేను తనిఖీ అధికారిగా ఒక చిన్న బ్రాంచికి వెళ్ళాను. బ్యాంకు పేరు, ఊరు పేరు వద్దు. నగదులో ఐదు వేల తేడా వచ్చింది. మేనేజరు నన్ను ఇంటికి తీసుకెళ్ళి భోజనం పెట్టి, క్యాషియరు అజాగ్రత్త మనిషని చెప్పారు. సాయంత్రం బస్సుకు టైమవుతోంది. నేను నివేదిక రాసేశాను. సంచి సర్దుకుంటుంటే ఆ క్యాషియరు వచ్చి నిలబడ్డాడు. నాకన్నా పెద్దవాడు. "సార్, నేను చెప్పేది కూడా ఒక ముక్క రాయండి" అన్నాడు. నేను వాచీ చూసుకుని, "అది విచారణలో చెప్పుకోండి" అన్నాను. విచారణలో నా నివేదికే ఆధారం. ఆయనకు రెండు ఇంక్రిమెంట్లు ఆపి, పిల్లల చదువుల మధ్యలో దూరం బదిలీ చేశారు.

ఆ ఐదు వేలు ఎవరి తప్పో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయనదే కావచ్చు. తెలియకపోవడానికి కారణం మాత్రం నేనే. ఆ బస్సు కూడా ఆ రోజు గంటన్నర ఆలస్యంగా వచ్చింది. ఆ గంటన్నరా నేను బస్టాండులో పల్లీలు తింటూ కూర్చున్నాను.

కిటికీ దగ్గర నుంచి నన్ను మా ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకొచ్చింది. వెనక జపాను వాళ్ళో కొరియా వాళ్ళో ఫొటోకి ఎదురుచూస్తున్నారు.

తరవాత బంగారు సందు చూశాం. కోటగోడకు ఆనించి కట్టిన బొమ్మరిళ్ళలాంటి ఇళ్ళు, రంగురంగులవి. కోట కాపలావాళ్ళ కోసం కట్టినవి. 22వ నంబరు ఇంట్లో 1916 చలికాలంలో కాఫ్కా రాసుకోవడానికి వచ్చేవాడు. జనం ఎక్కువ, చూడ్డానికి తక్కువ. త్వరగా బయటపడ్డాం.

నాకు కావలసింది కోట కింద దక్షిణం వైపు తోటలో ఉంది. గోడ వెంట నడిస్తే, ఒక పక్క ఎర్రపెంకుల ఇళ్ళు, వాటి కింద నది, వంతెనలు, రెండో పక్క నిట్టనిలువు రాజభవనం. ఆ తోటలో రెండు రాతి స్తంభాలు నిలబెట్టారు. ఒకటి స్లవాటా పడ్డ చోటుకి, ఒకటి మార్టినిజ్ పడ్డ చోటుకి గుర్తు. గుమాస్తాకు స్తంభం లేదు. అక్కడి నుంచి తల పైకెత్తి ఆ కిటికీ వెతికి పట్టుకున్నాను. పేడకుప్ప మాట తరవాతి రోజుల్లో పుట్టిందని ఇప్పటి చరిత్రకారులు చాలామంది అంటారు. దట్టమైన అంగీలు, కింద వాలుగా ఉన్న నేల కాపాడి ఉంటాయని కొందరి లెక్క.

ఇండియా వచ్చాక, రిటైరైన ఉద్యోగుల సంఘం వాళ్ళను పట్టుకుని ఆ క్యాషియరు గారి నంబరు సంపాదించాను. సంపాదించి రెండు నెలలు జేబులో పెట్టుకుని తిరిగాను. చివరికి ఒక ఆదివారం చేశాను. పేరు చెప్పగానే అవతల నిశ్శబ్దం. నేను ముందుగా తయారు చేసుకున్న క్షమాపణ సగం కూడా చెప్పలేదు, ఆయన ఆపారు. "అవన్నీ ఎందుకు సార్. ఆ రోజు నేను చెప్పాలనుకున్నది ఇప్పుడు చెప్పమంటారా?" అన్నారు. "చెప్పండి, రాసుకుంటాను" అన్నాను. "కాగితం తెచ్చుకోండి" అన్నారు. నలభై నిమిషాలు చెప్పారు. తారీఖులతో, వోచరు నంబర్లతో సహా. ఇరవై ఏడేళ్ళు ఆ నంబర్లు ఆయన మరిచిపోలేదు. చివర్లో, "చదివి వినిపించండి" అన్నారు. వినిపించాను. ఒకచోట నేను తప్పు రాస్తే దిద్దారు. తరవాత, "సరే, ఉంటాను సార్" అని పెట్టేశారు. నన్ను క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

ఆ కాగితాలు ఎవరికి ఇవ్వాలో నాకు తెలియదు. బ్యాంకుకు ఇప్పుడు వాటితో పనిలేదు. ఆ మేనేజరు గారు పోయారు. ఒక ప్రతి క్యాషియరు గారికి పోస్టులో పంపాను. అసలు ప్రతి ఇదిగో, ఈ సంచిలో ఉంది. పేజీ మధ్యలో గీత గీసి రాశాను. సభ అయ్యాక మాస్టారికి చూపిస్తాను. చెవి మాత్రం మెల్లగా మెలేయండి సార్, బీపీ ఉంది.

మాస్టారూ, మీరు అడిగినదానికి జవాబు. కిటికీ కింద పేడ లేదు. గడ్డి ఉంది, గులాబీ మొక్కలున్నాయి, ఒక రాతి స్తంభం ఉంది. మేం వెళ్ళిన రోజు దాని నీడలో ఒక ముసలాయన బూట్లు విప్పుకుని నిద్రపోతున్నాడు.

సెలవు.